చిన్న వయసులో వచ్చి ఆగిపోయిన ఫిట్స్: ఆ పాత ఫైల్‌తో ఇప్పుడేం చెయ్యాలి

పదిహేనేళ్లకో పద్దెనిమిదేళ్లకో ఫిట్స్ వస్తాయి, ఒకసారో నాలుగుసార్లో, స్కాన్ తీస్తే ఏం లేదంటారు, ఈఈజీ (మెదడు కరెంట్ పరీక్ష) నార్మల్ అంటారు, ట్యాబ్లెట్లు రాస్తారు, రెండు మూడేళ్లు మింగుతాం, తర్వాత ఎప్పుడో ఆపేస్తాం, మళ్లీ రావు. ఎందుకొచ్చాయో ఎవరూ చెప్పరు, ఎందుకు ఆగాయో అసలే చెప్పరు, ఇంట్లో ఆ టాపిక్కే ఎత్తనివ్వరు. ఇలాంటివాళ్లు మన చుట్టూ చాలామందే ఉంటారు, బయటపడరు అంతే. పెళ్లి సంబంధాలు మొదలైనప్పుడో, లైసెన్స్‌కి అప్లై చేసేటప్పుడో, కడుపుతో ఉన్నప్పుడో మళ్లీ లేస్తుంది ప్రశ్న, అవి పోయినట్టేనా లేక ఎక్కడో కాచుక్కూర్చున్నాయా అని.

నేను డాక్టర్ని కాదు. మా తమ్ముడికి డిగ్రీలో ఉండగా వచ్చాయి, హాస్పిటళ్ల చుట్టూ ఫైలు మోసింది నేనే, ఆ తిరగడంలో తెలుసుకున్నవి, తర్వాత చదివి సరిచూసుకున్నవి రాస్తున్నా. మందులు మార్చడం, ఆపడం మాత్రం ఇది చదివి చెయ్యకండి, ఇది డాక్టర్ దగ్గర ఏం అడగాలో తెలియడానికి. నా పాయింట్ ఒక్కటే: ఆగిన ఫిట్సన్నీ ఒకే రకంగా ఆగవు. కొన్ని వయసుతో పోతాయి, కొన్ని మందు వల్ల అణిగి ఉంటాయి, కొన్ని మెదడులో ఉన్న మచ్చ కరిగిపోయాక పోతాయి, కొన్ని అసలు ఫిట్సే కావు. మీది వీటిలో ఏదో తేలితే ముందు ముందు ఎంత జాగ్రత్త కావాలో కూడా తేలుతుంది.

అందుకే మొదటి పని, అసలు అవి ఫిట్సేనా అని వెనక్కి వెళ్లి చూడటం. నవ్వకండి, చాలా కేసుల్లో ఇక్కడే తేడా కొడుతుంది. స్కూల్ ప్రేయర్‌లో ఎండలో నిలబడి, లేదా రక్తం తీస్తుంటే చూసి, కళ్లు బైర్లు కమ్మి, చెమటలు పట్టి, మొహం పాలిపోయి మెల్లగా జారిపోయి, కిందపడ్డాక చేతులు రెండు మూడుసార్లు కొట్టుకుని, అర నిమిషంలో లేచి నీళ్లు అడిగారంటే అది కళ్లు తిరిగి పడిపోవడం కావచ్చు, స్పృహ తప్పినప్పుడు కూడా కొంచెం కొట్టుకోవడం మామూలే. ఫిట్స్ అయితే ఎక్కువగా ఒక్కసారిగా కొయ్యబారి పడతారు, కళ్లు తెరుచుకునే ఉంటాయి, మొహం నీలంగా అవుతుంది, నాలుక పక్క భాగం తెగొచ్చు, అయిపోయాక కూడా చాలాసేపు మగతగా, తికమకగా ఉంటారు, పక్కన ఉన్నది అమ్మా అత్తా అని కూడా పోల్చుకోలేరు.

ఇంకోటి, పరిగెడుతున్నప్పుడో ఈత కొడుతున్నప్పుడో పడిపోయినా, లేదా మీ వాళ్లలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా, అది గుండె లయకి సంబంధించింది కావచ్చు. దీనికి ఒక్క ఈసీజీ చాలా ముఖ్యం, ఖర్చు కూడా తక్కువే, అయినా ఫిట్స్ అని రాగానే అందరూ తలకాయ స్కానింగ్‌కే పరిగెడతారు. మీ పాత ఫైల్‌లో ఈసీజీ లేకపోతే ఇప్పుడైనా తీయించుకోండి. మనసులో ఒత్తిడి వల్ల అచ్చం ఫిట్స్‌లాగే వచ్చేవీ ఉన్నాయి, కళ్లు గట్టిగా మూసుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ, పది పదిహేను నిమిషాలు సాగేవి. అవి నాటకం కాదు, వాళ్లు కావాలని చేస్తున్నది కాదు, కాకపోతే ఫిట్స్ ట్యాబ్లెట్లకి తగ్గవు, వాటికి చూడాల్సిన డాక్టర్ వేరు.

ఇక ఫైలు. బీరువా మీద చుట్టచుట్టి పెట్టిన ఎంఆర్‌ఐ ఫిల్ములు ఎండాకాలం వేడికి ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి, విడదీస్తే నల్లపొర ఊడొస్తుంది, సీడీ ఇచ్చి ఉంటే ఇప్పుడు ఏ ల్యాప్‌టాప్‌లోనూ దాన్ని పెట్టే చోటే లేదు, థర్మల్ పేపర్ మీద కొట్టిన బిల్లులైతే తెల్లకాగితాలైపోయి ఉంటాయి. ఉన్నవాటిని ఉన్నట్టు ఇవాళే ఫోన్‌లో ఫొటోలు తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఫిల్మ్‌ని కిటికీ అద్దానికి ఆనించి వెనక నుంచి వెలుతురు పడేలా తీస్తే బాగా వస్తుంది. డిశ్చార్జ్ సమ్మరీ, ఈఈజీ రిపోర్ట్, మందుల చీటీలు ముఖ్యం, మిగతావి లేకపోయినా పర్లేదు.

కాగితాలకన్నా విలువైనది చూసినవాళ్ల మాట. ఫిట్స్ వచ్చినవాడికి ఏమీ గుర్తుండదు కాబట్టి అమ్మని, అన్నని, హాస్టల్ రూమ్మేట్‌ని అడగాలి. "ఏమైంది" అని అడిగితే "భయపడిపోయాం" అనే చెప్తారు, అందుకని విడివిడిగా అడగండి: నిద్రలో వచ్చిందా మెలకువలోనా, ముందు ఒక చెయ్యి మొదలైందా రెండు వైపులా ఒకేసారా, తల ఏ వైపుకి తిరిగింది, నోరు ఒక పక్కకి లాగిందా, అంతకుముందు రాత్రి పడుకున్నాడా, జ్వరం ఉందా, తిన్నాడా. ఎంతసేపు అంటే అందరూ పది నిమిషాలంటారు, నిజానికి చాలావరకు రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి, చూసేవాళ్లకి అది యుగంలా ఉంటుంది పాపం.

ఇప్పుడు కారణాల సంగతి, ఇక్కడే కాస్త ఓపిగ్గా చదవండి.

బాగా చిన్నప్పటివి అయితే, అంటే ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు జ్వరంతోనే వచ్చినవైతే అవి జ్వరం ఫిట్స్, దాదాపు అందరికీ వయసుతో పోతాయి. నాలుగు నుంచి పదేళ్ల మధ్య, చదువుతూ చదువుతూ కొన్ని సెకన్లు కళ్లప్పగించి అలా ఉండిపోయి మళ్లీ ఏమీ ఎరగనట్టు అందుకోవడం, రోజుకి చాలాసార్లు, టీచరేమో పరధ్యానం అని తిట్టడం, ఇది ఒక రకం, చాలామందికి యుక్తవయసు వచ్చేసరికి పోతుంది. అదే వయసులో నిద్రలో నోరు ఒక పక్కకి లాగి, చొంగ కారి, మాట రాక గొంతులో గుర్రుమనే శబ్దం వచ్చేది ఇంకో రకం, ఇది దాదాపు అందరికీ పదహారేళ్లు దాటేసరికి ఆగిపోతుంది. మీది ఈ రెండిట్లో ఒకటైతే ఊపిరి పీల్చుకోవచ్చు.

టీనేజ్‌లో మొదలైనవాళ్లు మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా వేసుకోవాలి, మా తమ్ముణ్ని రెండో న్యూరాలజిస్ట్ అడిగింది అదే. "పొద్దున లేవగానే బ్రష్ చేసేటప్పుడు చెయ్యి ఉలిక్కిపడ్డట్టు అదురుతుందా? బ్రష్ ఎగిరిపోవడం, టీ గ్లాసు ఒలకడం, జడ వేసుకుంటుంటే దువ్వెన జారిపోవడం ఉందా?" ఇది ఎవరూ జబ్బనుకోరు, వీడి చేతులు నిలవవు, అజాగ్రత్త అనుకుంటారు, పిల్లలు కూడా చెప్పరు. ఇలా పొద్దుటిపూట అదుర్లు ఉండి, నిద్ర లేని రాత్రి తర్వాత పెద్ద ఫిట్స్ వచ్చిందంటే డాక్టర్లు దాన్ని జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటారు. ఇందులో ఎంఆర్‌ఐ నార్మల్‌గానే ఉంటుంది, ఒకసారి తీసిన ఈఈజీ కూడా నార్మల్ రావచ్చు, అందుకే "కారణం తెలీదు" బుట్టలో పడిపోతుంది. ట్యాబ్లెట్లకి బాగా లొంగుతుంది, ఏళ్లపాటు ఏమీ ఉండదు, పోయింది కదా అని ఆపితే ఎక్కువమందికి తిరిగొస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది, కార్బమాజెపిన్, ఫెనిటాయిన్ లాంటి మందులు వేరే రకాలకి మంచివే గానీ దీంట్లో అదుర్లని ఇంకా పెంచొచ్చు. ఆ ట్యాబ్లెట్ వేసుకున్నా తగ్గలేదు అనేవాళ్లు ఈ మాట డాక్టర్ చెవిన వెయ్యండి. మా తమ్ముడికి అదుర్లు లేవని తేలింది, అదొక ఊరట.

మన దేశంలో కుర్రకారుకి వచ్చే ఫిట్స్‌లో బాగా కనపడేది ఇంకొకటుంది, మెదడులో చిన్న గడ్డ. పేరు వినగానే ట్యూమర్ అనుకుని ఇంటిల్లిపాదీ ఏడుపు మొదలెడతారు, కానీ ఇది బద్దెపురుగు (టేప్‌వార్మ్) గుడ్డు వల్ల వచ్చేది, న్యూరోసిస్టిసర్కోసిస్ అంటారు. 1980ల్లో మన దగ్గర సీటీ స్కాన్లు వచ్చాక ఇలా చిన్న ఉంగరంలా మెరిసే మచ్చలు చాలామందిలో కనపడ్డాయి, చాలాకాలం వాటిని టీబీ అనుకుని టీబీ మందులే వాడారు, వేలూరు సీఎంసీ డాక్టర్లు ముక్క తీసి పరీక్ష చేశాక చాలావరకు ఇవి ఈ పురుగు వల్లే అని తేలింది. ఇప్పుడు ఆలోచించండి, అంతకుముందు తరాల్లో ఎందరికి వచ్చి, మచ్చ దానంతటదే కరిగిపోయి, ఫిట్స్ ఆగిపోయి, క్రెడిట్ ఏ తాయత్తుకో వెళ్లిందో.

"మేం శాకాహారులం, మాకెలా వస్తుంది" అనకండి. పంది మాంసం సరిగ్గా ఉడక్కుండా తిన్నవాడికి కడుపులో పురుగు పెరుగుతుంది, ఆ మనిషి మలంతో బయటపడిన గుడ్లు కడగని కొత్తిమీర, క్యారెట్ మీద నుంచో, చేతులు కడుక్కోకుండా వండినవాళ్ల దగ్గర నుంచో ఎవరి నోట్లోకైనా పోతాయి, మెదడుకి వెళ్లేది ఆ గుడ్ల నుంచి వచ్చే పిల్ల పురుగులే. కాబట్టి పాత రిపోర్ట్‌లో "రింగ్ ఎన్‌హాన్సింగ్ లీజన్" అనో "గ్రాన్యులోమా" అనో ఉందేమో వెతకండి. ఉంటే మీకు రెండే ప్రశ్నలు: తర్వాత మళ్లీ స్కాన్ తీశారా, తీస్తే మచ్చ పూర్తిగా మాయమైందా లేక సున్నపు చుక్కలా గట్టిపడి మిగిలిందా. మాయమైనవాళ్లకి మందు త్వరగానే ఆపుతుంటారు, గట్టిపడినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఎక్కువకాలం ఉంచుతారు. స్కాన్ లేకుండా మీరే మెడికల్ షాపులో నులిపురుగుల ట్యాబ్లెట్ ఆల్బెండజోల్ కొని మింగడం మాత్రం వద్దు, మెదడులోనో కంట్లోనో మచ్చలు ఉన్నవాళ్లకి దాని వల్ల వాపు పెరిగి ప్రమాదం, అందుకే డాక్టర్లు స్టెరాయిడ్‌తో కలిపి, కళ్లు చూపించాక ఇస్తారు.

మూడోది తలస్నానం ఫిట్స్. ఇది ఎక్కువగా దక్షిణాది నుంచి, అందులోనూ కర్ణాటక నుంచి రిపోర్ట్ అయింది, కానీ తలంటి పొగలు కక్కే నీళ్లు చెంబు మీద చెంబు గబగబా నెత్తిన గుమ్మరించుకునే అలవాటు మనకీ ఉంది కదా. ప్రతిసారీ బాత్రూమ్‌లోనే వచ్చిందా, తల మీద వేడినీళ్లు పడ్డప్పుడేనా అని గుర్తు తెచ్చుకోండి, అయితే నీళ్ల వేడి తగ్గించడం, ముందు ఒంటికి పోసుకుని తలని తడి టవల్‌తో తుడుచుకోవడం, దీంతోనే చాలామందికి ఆగిపోతాయి. కొందరికి స్నానానికి ముందు వేసుకోమని క్లోబజామ్ రాస్తారు, కొందరికి తర్వాత మామూలు వేళల్లో కూడా వస్తాయి కాబట్టి డాక్టర్‌కి చెప్పి ఉంచుకోవాలి.

ఇవేవీ కాకుండా ఆ ఒక్కరోజు పరిస్థితి వల్ల వచ్చినవీ ఉంటాయి. షుగర్ బాగా పడిపోవడం, సోడియం తగ్గడం, తాగుడు ఒక్కసారిగా మానెయ్యడం, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు ఎక్కువ వేసుకోవడం, పసిపిల్లలైతే పూజగదిలో కర్పూరం మింగెయ్యడం. అలా ఒకసారి వచ్చిపోతే దాన్ని మూర్ఛవ్యాధి అని అనరు, ఆ కారణం లేకుండా చూసుకుంటే చాలు.

ఇన్నీ చూశాక కూడా ఏదీ సరిపోలకపోవచ్చు. మా తమ్ముడిది అంతే, ఈఈజీ నిద్ర లేకుండా ఉంచి మళ్లీ తీసినా ఏం రాలేదు, ఎంఆర్‌ఐ శుభ్రంగా ఉంది. కారణం తెలియనివి అనేది డాక్టర్ల వర్గీకరణలోనే ఒక గడి, వాళ్లు తప్పించుకోవడానికి చెప్పే మాట కాదు.

ట్యాబ్లెట్లు ఇంకా వాడుతున్నవాళ్లకి ఎప్పుడు ఆపాలన్నదే పెద్ద ప్రశ్న. మామూలుగా రెండేళ్లు ఒక్కటి కూడా రాకపోతే ఆపే మాట మొదలెడతారు, ఒక్కసారిగా కాదు, నెలల తరబడి కొంచెం కొంచెం తగ్గిస్తూ. 1991లో బ్రిటన్‌లో వచ్చిన పెద్ద స్టడీ ఒకటుంది, కనీసం రెండేళ్లు ఫిట్స్ లేనివాళ్లని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి మెల్లగా మందు ఆపారు, ఇంకో గుంపుకి కొనసాగించారు. రెండేళ్ల తర్వాత చూస్తే కొనసాగించినవాళ్లలో 78 శాతం మందికి, ఆపినవాళ్లలో 59 శాతం మందికి ఫిట్స్ రాలేదు. నాకు ఇందులో రెండు సంగతులు కనపడ్డాయి, మింగుతున్నా కొందరికి వచ్చాయి, ఆపినా సగానికి పైగా బాగానే ఉన్నారు. అందుకని ఆపడం అనేది ధైర్యం, పిరికితనం లెక్క కాదు, మీ ఫిట్స్ రకం, ఈఈజీ, స్కాన్, మీ ఉద్యోగం, బండి నడుపుతారా లేదా, ఇవన్నీ కలిపి వేసుకునే లెక్క. ఆపుతున్నన్నాళ్లూ, ఆపాక మొదటి ఏడాదీ రిస్క్ ఎక్కువ, అప్పుడు బండి తియ్యకపోవడమే మంచిది, సెమిస్టర్ పరీక్షలు, పెళ్లి పనులు, ఫారిన్ ప్రయాణం లాంటివి పెట్టుకుని ఆ టైమ్‌లో తగ్గించడం మొదలెట్టొద్దు. స్ట్రిప్ అయిపోయింది, షాపు మూసేశాడు, సర్లే రెండ్రోజులు అని మానెయ్యడం అన్నిటికన్నా ప్రమాదం, హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

మరి ఎప్పటికి పోయినట్టు లెక్క? దీనికి అంతర్జాతీయ ఎపిలెప్సీ డాక్టర్ల సంఘం 2014లో ఒక గీత గీసింది: పదేళ్లుగా ఫిట్స్ లేకుండా ఉండి, అందులో చివరి ఐదేళ్లు మందు కూడా లేకుండా ఉంటే, లేదా ఫలానా వయసులోనే వచ్చే రకమై ఆ వయసు దాటేస్తే, ఆ జబ్బు తీరిపోయినట్టు. ఇక జన్మలో రాదు అని గ్యారంటీ కాదు, కానీ "నాకు మూర్ఛ ఉంది" అని జీవితాంతం మొయ్యక్కర్లేదు. పందొమ్మిదో ఏట చివరి ఫిట్స్ వచ్చి, ఇరవై మూడుకి మందు ఆపి, ఇప్పుడు ముప్ఫై దాటినవాళ్లు ఈ గీత దాటేసినట్టే, డాక్టర్ దగ్గర ఆ మాట కాగితం మీద రాయించుకోండి, పనికొస్తుంది.

ఆగిపోయినా వదలకూడనిది నిద్ర ఒక్కటే అంటాను నేను. ఎగ్జామ్ నైటౌట్లు, నైట్ షిఫ్టులు, శివరాత్రి జాగారం, అమెరికా ఫ్లైట్‌లో రెండు రాత్రులు కళ్లు మూయకపోవడం, వీటి మర్నాడే పడిపోయినవాళ్ల కథలు బోలెడు. జాగారం చెయ్యకపోతే శివుడేం అనుకోడు. తాగుడు ఇంకో ట్రిగ్గర్, తాగిన రాత్రి సరిగ్గా నిద్ర పట్టదు, మర్నాడు ట్యాబ్లెట్ మర్చిపోతారు, రెండూ కలిసి కొడతాయి. ఉపవాసాలు, రోజాలు ఉండేవాళ్లు ట్యాబ్లెట్ టైమ్ ముందే డాక్టర్‌తో సర్దుకోవాలి. మందులు తగ్గిస్తున్న రోజుల్లో బావి, చెరువు, పిట్టగోడ లేని డాబా దగ్గర ఒంటరిగా వద్దు, బాత్రూమ్ గడియ పెట్టుకోకండి.

లైసెన్స్‌కి అప్లై చేసేటప్పుడు ఫారం 1 అని సెల్ఫ్ డిక్లరేషన్ ఉంటుంది, అందులో మూర్ఛ ఉందా, హఠాత్తుగా స్పృహ తప్పడం ఉందా అని సూటిగానే అడుగుతారు. అబద్ధం రాసి తర్వాత యాక్సిడెంట్ అయితే మీ మెడకే చుట్టుకుంటుంది, డాక్టర్ కాగితం ఇక్కడే అక్కరకొస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి స్టేట్ స్టేట్‌కీ రూల్ వేరు, మీ స్టేట్ రూల్ చూసుకోండి.

పెళ్లి విషయంలో మనవాళ్ల దాపరికం గురించి ఎంత చెప్పినా తక్కువే. చాలామందికి తెలియనిది ఏంటంటే, ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో తరచూ మూర్ఛ వచ్చేవాళ్లు పెళ్లికి అనర్హులు అన్నట్టు ఉండేది, 1999లో ఆ మాట తీసేశారు. చట్టమే తీసేసినదాన్ని మేనమామలూ పిన్నులూ ఇంకా మోస్తున్నారు. నా సలహా, మందులు వాడుతుంటే నిశ్చితార్థానికి ముందే చెప్పండి, అదీ మధ్యవర్తితో కాదు, అమ్మాయీ అబ్బాయీ నేరుగా మాట్లాడుకోండి. దాచిపెట్టి చేసుకున్నాక అత్తింట్లో ట్యాబ్లెట్ దాక్కుని మింగడం, కుదరక మానేయడం, నిద్ర లేని పెళ్లి రాత్రుల తర్వాత పడిపోవడం, ఇదే వరస. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి పోయినవైతే చెప్పాలా వద్దా మీ ఇష్టం, నేనైతే చెప్తాను.

ఆడపిల్లలకి ఒక ముఖ్యమైన సంగతి. సోడియం వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడుతూ గర్భం వస్తే దాదాపు 10 మంది బిడ్డల్లో ఒకరికి పుట్టుకతో లోపాలు, 10 మందిలో 3 లేక 4 మందికి ఎదుగుదల, చదువు సమస్యలు వచ్చే ప్రమాదం ఉంది. అలాగని తెలియగానే భయపడి మీరే ఆపేస్తే తల్లీబిడ్డా ఇద్దరికీ ప్రమాదం. పెళ్లి అనుకుంటున్నప్పుడే న్యూరాలజిస్ట్‌తో వేరే మందుకి మారే మాట, ఫోలిక్ యాసిడ్ మాట ఎత్తాలి.

చివరగా, మళ్లీ వస్తే. పక్కన ఉండేవాళ్లకి ముందే నేర్పి పెట్టండి: ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, కళ్లజోడు తీసెయ్యాలి, బిగుతు బట్టలు వదులు చెయ్యాలి, టైమ్ చూడాలి, ఇంకొకరుంటే వీడియో తియ్యమనాలి, ఆ వీడియో డాక్టర్‌కి వంద మాటలపెట్టు. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏవీ పెట్టకూడదు, కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకూడదు. తాళాల గుత్తి చేతిలో పెట్టగానే తగ్గింది అంటారు చూడండి, అది తగ్గాల్సిన టైమ్‌కి తగ్గింది, ఆ తాళాలు వెతికే నిమిషంలో మనిషిని పక్కకి తిప్పి ఉండొచ్చు. ఐదు నిమిషాలు దాటినా, మధ్యలో తెలివి రాకుండా రెండోది మొదలైనా, నీళ్లలో వచ్చినా, గర్భిణి అయినా 108కి ఫోన్ చెయ్యాలి. ఇంట్లో ఉంచుకోవడానికి, ఫిట్స్ ఆపేందుకు ముక్కులో కొట్టే మిడాజోలం స్ప్రే ఉంటుంది, అది మీకు కావాలేమో డాక్టర్‌ని అడగండి.

తగ్గాక బీరువాలో మిగిలిన పాత స్ట్రిప్ తీసి మళ్లీ మొదలెట్టకండి. డేట్ అయిపోయి ఉండొచ్చు, అప్పటి డోస్ ఇప్పుడు సరిపోకపోవచ్చు, పైగా పదేళ్ల తర్వాత వచ్చినదానికి కారణం కొత్తది కావచ్చు, షుగరో, సోడియమో, బాలింతలకైతే మెదడు రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడమో, ఇంకేదైనానో. కొత్తగా వచ్చినట్టే లెక్కేసి రక్తపరీక్షలు, ఈసీజీ, ఎంఆర్‌ఐ మళ్లీ చేయించండి, ఆ ఫోన్ ఫోల్డర్ తెరిచి పాతవి పక్కన పెట్టి చూపించండి.